అంబలి కుండలో గొట్టం మాత్ర

పోయిన వారం మనం కృపారాణిని డోన్ రైల్వే స్టేషను వెనక వీధిలో, ఆమె నడిపే మెస్సు వంటగదిలో, కత్తిపీట ముందు సగం తెగిన ఉల్లిగడ్డతో విడిచిపెట్టి వచ్చాం. ఎదురుగా గడప మీద నిస్సీ కూర్చుని ఉంది. మరునాడు చర్చి కోత పండుగలో పాడవలసిన పాటను ఒకసారి వినిపించి పోదామని వచ్చిన ఆ పిల్ల, పల్లవి ఎత్తుకోకముందే, ఎంతో సంతోషంగా ఒక మాట చెప్పింది. "నేను గూడ బిళ్ళలు మానేసినా అక్కా. నీ మాదిరే."

ఆ చివరి మాట దగ్గర కృపారాణి చెయ్యి ఆగిపోయింది. ఆమె బిళ్ళలు మానలేదు.

ఈ కథను ఇప్పుడే అందుకున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఏడాది కిందట కృపారాణికి దిగులు జబ్బు చేసింది. ఇంట్లో ఎవరూ చనిపోలేదు, ఏ నష్టమూ రాలేదు, పట్టాలు సరిచేసే రైల్వే గ్యాంగులో పనిచేసే భర్త యేసుప్రసాద్ గొంతెత్తి మాట్లాడే మనిషి కాడు. కారణం కనిపించకపోవడమే అందరినీ ఎక్కువగా కలవరపెట్టింది. పొయ్యి వెలిగించలేక, తల దువ్వుకోలేక, గోడవైపు తిరిగి పడుకుండిపోయిన ఆమెను కర్నూలులో డాక్టర్ శ్రావణి దగ్గరికి తీసుకుపోయారు. వీధికి మాత్రం కడుపు జబ్బని చెప్పారు. డాక్టరు రాసిన బిళ్ళతో ఆమె సగం తేరుకుని, ఆ సగం దగ్గరే నిలిచిపోయింది. అప్పుడు డాక్టరు ఆ బిళ్ళను అలాగే కొనసాగిస్తూ, దానికి సాయంగా, కడుపులో మేలు చేసే సూక్ష్మజీవులు నింపిన గొట్టం మాత్ర ఒకటి జతచేసింది. ఆలూరు దగ్గరి పల్లె నుంచి అత్త విశ్వాసమ్మ దిగివచ్చి రోజూ రాగంబలి కాచి పోసింది. సంఘం ప్రార్థన చేసింది. కృపారాణి లేచింది, మెస్సు తలుపులు మళ్ళీ తెరిచింది. ఆదివారం నాడు గుడిలో అందరి ముందు లేచి, తాను బాగుపడిన తీరు గురించి సాక్ష్యం చెబుతానని పాస్టరు జ్ఞానరాజుగారికి మాట కూడా ఇచ్చింది.

ఒక మనిషి లేచి నిలబడటానికి ఇన్ని కారణాలు కలిసివస్తే, చూసేవాళ్ళు వాటిలో ఒక్కదాన్ని మాత్రమే ఎంచుకుంటారు. ఎంచుకున్నది తమకు నచ్చినదై ఉంటుంది. వీధి విశ్వాసమ్మ అంబలిని ఎంచుకుంది. ఆ ఎంపిక ఎక్కడికి దారితీసిందో కృపారాణికి ఈ శనివారం ఉదయమే తెలియబోతోంది.

ఆమె ఉల్లిగడ్డను పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నా మాదిరే అంటావేందే? నేనెప్పుడు మానేసినా?"

"చాల్లే అక్కా, ఆట పట్టిస్తాండావు."

"నిన్న రాత్రి గూడ మింగినా. దేవుని ముందర చెప్తాండా."

నిస్సీ నవ్వు పెదవుల మీద అలాగే ఉండిపోయింది గాని, కళ్ళలోంచి తప్పుకుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల; బజారులో జిరాక్సు అంగట్లో పని, ఆదివారం గుడిలో పాట. వీధిలో మరెవరికీ తెలియదనుకున్న ఒక సంగతి ఆమె గురించి కృపారాణికి తెలుసు. కర్నూలులో శ్రావణి డాక్టరు గది బయట, ఒకే బెంచీ మీద, ఒకరినొకరు చూసి ఇద్దరూ తలలు దించుకున్న రోజు నుంచి తెలుసు.

"మరి అవ్వ అట్ల చెప్పెనే?"

"ఏమని చెప్పె?"

"'మా కోడలు బిళ్ళతో లేయలేదు పాపా, నా అంబలితో లేసింది' అనె. రోజూ నాకు చెంబుడు పోస్తాంది గదా, ఒకనాడు నా బిళ్ళ సంగతి గూడ ఆయమ్మతో చెప్పుకున్నా. కర్నూలు మందు గూడ దీంట్లోనే ఉండాది, ఇంక ఆ బిళ్ళ యాలా అనె. నువ్వు గూడ మానేసింటావు అనుకున్నా."

ఆ మాట చెబుతూ లేవబోయిన నిస్సీ ఒక్కసారిగా తలుపు రెక్క పట్టుకుంది. కృపారాణి ఒక్క అంగలో వెళ్ళి ఆమె భుజం పట్టుకుంది.

"ఏమాయ?"

"ఏం లేదక్కా. తల ఇట్ల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్ల అయితాది. ఈ వారం నుంచే. నిద్ర గూడ సరిగ్గా లేదు. పాట పాడతాంటే ఊరికే ఏడుపొస్తాది. అంబలి కొత్త గదా, ఒళ్ళు సర్దుకుంటాందేమో అనుకున్నా."

అంబలి ఎవరి తలలోనూ కరెంటు కొట్టించదని కృపారాణికి తెలుసు. బిళ్ళను ఉన్నట్టుండి ఆపితే ఇలాగే ఉంటుందని, ఆపేటప్పుడు కూడా తనను అడిగి కొద్దికొద్దిగా తగ్గించాలని డాక్టరు మొదటి రోజే చెప్పింది. నిస్సీకీ చెప్పే ఉంటుంది. కాని బాగుపడిన మనిషి కళ్ళముందు తిరుగుతుంటే, ఎప్పుడో విన్న జాగ్రత్త ఎవరికి గుర్తుంటుంది?

"అత్తా!" అని కేక వేసింది.

విశ్వాసమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది. పొట్టి మనిషి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చంకలో నల్లటి మట్టికుండను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉంది. ఆ కుండలో ఆమె సాయంత్రం కాచిన రాగంబలిని చల్లార్చి పోసి, రాత్రంతా పులియనిచ్చి, పొద్దున మజ్జిగా ఉల్లిగడ్డ ముక్కలూ కలిపి పంచుతుంది.

"ఏమ్మే, ఇల్లు కూలినట్ల అరుస్తాండావు?"

"ఈ అంబలిలో ఏం కలుపుతాండావు?"

"ఏం కలుపుతారు? ఉప్పు, మజ్జిగ."

"ఇంకేమన్నా?"

విశ్వాసమ్మ ముఖం వెలిగింది. ఈ ప్రశ్న కోసమే ఆమె ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నట్టు కనిపించింది. కుండను జాగ్రత్తగా కిందికి దించి, కుదురు మీద నిలబెట్టి, మూత సరిచేసి, అప్పుడు నోరు విప్పింది.

"ఎప్పుడడుగుతావా అని చూస్తాండా. నీ గొట్టం మాత్ర ఉండాది చూడు, దాన్ని రెండుగా ఇరిచి, లోపలి పొడి దీంట్లో యేసినా."

"ఎన్ని మాత్రలు ఏసినావు?"

"ఒకటే! నేనేమన్నా దుబారా మనిషినా? దాంట్లో ఉండేవి పాణమున్నవి, కంటికి కనపడవు, పెరుగులో ఉండే మాదిరివి అని ఆ డాక్టరమ్మే నాతో చెప్పె. పెరుగులోవి మాదిరి అయితే పెరుగుకు చేసినట్లే చెయ్యల్ల గదా! పాలల్లో ఇంత చేమిరి ఏస్తే తెల్లారేకి కుండంతా పెరుగయితాది. దినామూ అడుగున ఇంత మిగిలిచ్చి, దాని మిందనే కొత్త అంబలి పోస్తాండా. ఒక మాత్రతో వీధి వీధంతా తాగుతాండారు. అన్ని దుడ్లు పోసి తెచ్చిన మందు నువ్వొకదానివే మింగి కూర్చుంటే ఏమొస్తాది?"

ఆమె వాదంలో ఏ మెట్టుకు ఆ మెట్టు గట్టిగానే ఉంది. పెరుగు విషయంలో ఆమె చేతులు పొరబడి ఎరగవు. ఆ అనుభవమే ఆమెను ఇక్కడిదాకా నడిపించింది. చెడుబుద్ధితో చేసింది కాదు, దాచి చేసింది కూడా కాదు. తన ఇంటికి దొరికిన మేలును పదిమందికీ పంచాలన్న ఆశతో చేసింది. కాలు జారింది చివరి మెట్టు మీద. కుండలో మందు ఉందని నమ్మిన మనిషి, పక్కనున్న బిళ్ళను అనవసరం అనుకుంది.

"ఎవరెవరు తాగుతాండారు?"

"మీ మెస్సుకొచ్చే గ్యాంగోళ్ళందరూ. కిరాణా కొట్టు పుల్లయ్య. శానా బాగుండాదంట. పుల్లయ్యకు పొద్దున్నే సుఖంగా అయితాందంట, నాకు దండం పెట్టె."

నిస్సీకి నవ్వు ఆగలేదు. కృపారాణికీ వచ్చింది గాని మింగేసింది.

"పుల్లయ్యను వదిలెయ్ అత్తా. బిళ్ళలు మానమని ఎంతమందికి చెప్పినావు?"

"ఈ పాపకొకదానికే. ఇంకెవురు మింగుతాండారో నాకేం తెలుసు?"

ఆ ఒక్క జవాబుకు కృపారాణి గుండె కొంత కుదుటపడింది. అయినా కుదుటపడటానికి అది సమయం కాదు. ఫోను తీసి కర్నూలుకు చేసింది. లౌడ్‌స్పీకరు పెట్టి, రాగిపిండి డబ్బా మూత మీద నిలబెట్టింది. ముగ్గురూ చుట్టూ చేరారు.

డాక్టర్ శ్రావణి నంద్యాల వైపు రైతుల ఇంటి పిల్ల. రోగి మాటకు అడ్డు రాకుండా చివరిదాకా వింటుంది. ఇప్పుడూ అలాగే విన్నది. గొట్టం మాత్ర కుండలో పడిన దగ్గర మాత్రం అవతలి నుంచి ఒక చిన్న దగ్గు వినిపించింది.

విశ్వాసమ్మ ఫోను మీదికి వంగింది. "నవ్వుతాండావా డాక్టరమ్మా?"

"లేదమ్మా, నవ్వలేదు."

"నవ్వితే నవ్వు గాని నేనడిగేదానికి జవాబు చెప్పు. పెరుగు పెరుగును పుట్టిస్తాదా, లేదా?"

"పుట్టిస్తుందమ్మా."

"మరింకేం?"

"నీ అంబలిలో దానంతట అది పుట్టిన జీవాలు ఎన్నో ఉంటాయి. నేనిచ్చిన మాత్రలోవి వేరే రకాలు. వాటిని ఏరి, ఇంతని లెక్కపెట్టి నింపినారు. అవి నీ కుండలో బతికినాయో, నీ కుండలోవి వాటిని నిలవనీయకుండా తరిమేసినాయో నాకు తెలీదు. నీకూ తెలీదు."

"తరిమేసింటాయి," అంది నిస్సీ మెల్లగా. "అవ్వ కుండ గదా!"

"నువ్వు ఊరుకో పాపా," అని విశ్వాసమ్మ కసిరింది. కాని ఆమె చూపు ఒకసారి కుండ మీదికి పోయి వచ్చింది. "అయితే నా అంబలి తాగొద్దంటావా?"

"అయ్యో, తాగండి. మంచి ఆహారం. నేనైనా తాగుతా. నేను వద్దనేది బిళ్ళ మాన్పించడం. ఆ గొట్టం మాత్ర గూడ బిళ్ళకు బదులుగా ఇచ్చింది కాదమ్మా. బిళ్ళ వాడుతున్నా పూర్తిగా తేరుకోని వాళ్ళకు అది జతచేస్తే, కొందరికి ఇంకొంచెం మేలు కనిపించిందని కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి. చిన్న పరిశోధనలే, ఇంకా పెద్దవి జరగాల. మీ కోడలికి సరిపడింది, సంతోషం. దేనివల్ల ఎంత నయమైందంటే మాత్రం విడదీసి చెప్పలేను."

"డాక్టరువై ఉండి చెప్పలేవా?"

"చెప్తే అబద్ధమైతాదమ్మా."

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే డాక్టరును విశ్వాసమ్మ అంతకుముందు చూడలేదు. వాదించడానికి వంగిన మనిషి మెల్లగా నిటారుగా కూర్చుంది.

"నిస్సీ పక్కనే ఉందా? లౌడ్‌స్పీకరు తీసేసి ఆమెకు ఇవ్వండి," అంది డాక్టరు.

నిస్సీ ఫోను చెవికి ఆనించుకుని కిటికీ దగ్గరికి పోయింది. కృపారాణికి ఇవతలి జవాబులే వినిపించాయి. "అవును మేడమ్... ఒక్కసారే ఆపేసినా... లేదు మేడమ్, చచ్చిపోవాలని అట్లాంటి ఆలోచనలు లేవు. ఏడుపొస్తాది, అంతే... తింటాండా... సరే మేడమ్. సోమవారం వస్తా."

ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలో నిజమైన తేలిక ఉంది. ఎవరో తన జబ్బును పేరు పెట్టి పిలిచి, భయపడకుండా మాట్లాడితే వచ్చే తేలిక అది. దాన్ని కృపారాణి గుర్తుపట్టింది.

"ఈ రాత్రి నుంచే మళ్ళీ మొదలుపెట్టమనె. ఏమన్నా ఎక్కువైతే వెంటనే ఫోను చెయ్యమనె."

"పెడతావు గదా?"

విశ్వాసమ్మ కుండ ఎత్తుకుని పెరట్లోకి పోయేదాకా నిస్సీ ఆగింది.

"డాక్టరుకైతే సరే అన్నా. నీతో అబద్ధమాడను అక్కా. రేపు నువ్వు సాక్ష్యంలో ఏం చెప్తావు?"

కృపారాణి ఆ మాటలను వారం రోజులుగా మనసులో పేర్చుకుంటూనే ఉంది. "దేవుడు నన్ను లేపె. సంఘం ప్రార్థన చేసె. మా అత్త అంబలి పోసె."

"బిళ్ళ?"

కృపారాణి ఉల్లిగడ్డ వైపు చూసింది.

"చెప్పవు గదా," అంది నిస్సీ. కోపం లేదు, ఉన్నదున్నట్టు అన్నది. "అంబలి కబురు నాకు అంత తియ్యగా ఎందుకున్నాదో తెలుసా? దాన్ని గుడి మెట్ల మీద కూర్చోని గూడ తాగొచ్చు. బిళ్ళనైతే పరుపు కింద దాచుకోని, అమ్మ వంటింట్లోకి పోయినప్పుడు, దొంగ మాదిరి మింగల్ల. మంచిగైన నువ్వే దాని పేరు ఎత్తలేకపోతే నేనెట్ల మింగేది? రేపు అందరి ముందర నువ్వు ఆ మాట చెప్పు. చెప్తే రేపు రాత్రి నుంచి అమ్మ ముందరే మింగుతా. చెప్పకపోతే, మింగినావా అని నన్ను అడగొద్దు."

"ఈ రాత్రి?"

"ఈ రాత్రికి నీ కోసం మింగుతా. ఆ పైన నీ ఇష్టం."

పాట పాడకుండానే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మెస్సులో ఎప్పటిలాగే సందడి. కృపారాణి సంగటి ముద్దలు చేస్తూ, పప్పు వడ్డిస్తూ, తింటున్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఈ చేతి కూడు రుచిగా ఉందని వీళ్ళు వస్తున్నారు. ఈ చేతికి ఏ జబ్బు చేసిందో రేపు తెలిస్తే వీళ్ళలో ఎందరు వస్తారు? ఆమె భయానికి ఆధారం లేకపోలేదు. బజారులో తిక్క మనిషి అని ఒకరి మీద ముద్ర పడితే, ఆ మనిషి అమ్మే కూరగాయలు కూడా వాడిపోయినట్టు కనిపిస్తాయి. అయితే ఆ భయానికి ఎదురుగా ఇంకొకటి ఉంది: తలుపు రెక్క పట్టుకుని నిలబడిన నిస్సీ. ఈ రెండూ తూకంలో సమానమైనవి కావని ఆమెకు తెలుసు. తెలియడం వేరు, గుడిలో లేచి నిలబడటం వేరు.

పొద్దు వాలుతుండగా యేసుప్రసాద్ పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. పెరట్లో విశ్వాసమ్మ కుండ ముందు కూర్చుని ఉంది. ఆ సంఘంలో కోత పండుగకు ప్రతి ఇల్లూ తమ రాబడిలో మొదటిదాన్ని గుడికి తెస్తుంది. ఆరాధన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు. ఈ యేడు చేను కౌలుకిచ్చి కోడలి కోసం డోనుకు వచ్చేసిన విశ్వాసమ్మకు, తన చేతి రాబడి అని చూపుకోవడానికి ఆ అంబలి కుండ ఒక్కటే ఉంది.

"కుండ గుడికి తెస్తాండావు గదా అత్తా?" అంది కృపారాణి పక్కన చతికిలబడి.

"యాలా? మందు లేని మందు. పారబోస్తా."

"అది మందని ఎవురన్నారు? అది కూడు."

"కూడు ఎవురైనా వండుతారు."

"నేను పడుకున్నప్పుడు సంగతి యాది చేసుకో. అన్నం వాసనకే కడుపులో తిప్పేది. వట్టి కడుపున బిళ్ళ మింగితే వాంతి అయ్యేది. నువ్వు వచ్చి, నా తల ఒళ్ళో పెట్టుకోని, రెండు గుక్కల అంబలి పోసినాకనే బిళ్ళ లోపల నిలిచె. బిళ్ళ పని చేసె. అంబలి లేకుంటే బిళ్ళ నిలిచేది కాదు. బిళ్ళ లేకుంటే నేను లేసేదాన్ని కాదు."

విశ్వాసమ్మ ముఖం తిప్పుకుని వింటోంది. ఈ వరసను ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. తానూ బిళ్ళా చెరొక వైపు లాగుతున్నామనే ఇన్నాళ్ళూ అనుకుంది.

"ఇదే రేపు చెప్తావా?"

"చెప్తా. బిళ్ళ సంగతి గూడ చెప్తా."

"చెప్తే మెస్సుకు జనం రారేమో మే."

"రాకపోతే మిగిలిందంతా నేనే తింటా," అన్నాడు యేసుప్రసాద్, తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ. "మీ అత్తాకోడళ్ళు ఉదయం నుంచి డాక్టరుతో వాదిస్తాండారంట గదా, వీధిలో చెప్పినారు. కొండల్లో ఘాటు ఎక్కేటప్పుడు గూడ్సు బండికి ముందొక ఇంజను లాగుతాంటే, సాలకపోతే వెనక ఇంకొకటి తగిలిచ్చి నెట్టిస్తారు. బండి ఎక్కింది గదా, ముందరిది పీకేద్దాం అంటే ఎట్లమ్మా? బండి యాడికి పోతాది?"

"ముందర ఇంజను బిళ్ళ. వెనకది గొట్టం మాత్ర," అంది విశ్వాసమ్మ నెమ్మదిగా. లెక్క కుదిరాక మళ్ళీ మొహం ముడుచుకుంది. "మరి నా అంబలి యాడుండాది ఆ బండిలో?"

"బండిలో లేదు మా. పట్టాల కింద కంకర. అది లేకుంటే ఏ ఇంజనూ కదలదు. దినామూ దాన్ని సర్దేదే గదా నా పని."

"ఇన్నావా మే! నవమాసాలు మోసి కంటే నన్ను కంకర అంటాండాడు వీడు!" అని విశ్వాసమ్మ చేతులు తిప్పింది. కాని కుండను పారబోయలేదు. లోపలికి తీసుకుపోయి, చల్లారిన కొత్త అంబలిని దాంట్లో నింపి, మూత మీద తడిగుడ్డ కప్పింది. ఆ ఇంటికి ఆ సాయంత్రం చాలా రోజుల తరువాత వచ్చిన నిండైన సాయంత్రం. ముగ్గురూ కలిసి తిన్నారు. భోజనమయ్యాక కృపారాణి తన బిళ్ళను అందరి ఎదుటే మింగింది.

ఆదివారం గుడి నిండిపోయింది. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, కొర్రల సంచులు, శనక్కాయ కట్టలు, కాళ్ళు కట్టిన ఒక కోడిపుంజు. వాటి నడుమ, తెల్లటి గుడ్డ చుట్టిన నల్లకుండ. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చున్నారు. పాటల జట్టులో ముందు వరుసన నిస్సీ, ఆమె వెనక వరుసలో తల్లి ప్రసన్నకుమారి. బడిలో ఆయాగా పనిచేసే ఆమె మితభాషి. తల మీది కొంగు జారనివ్వని మనిషి.

"సోదరి కృపారాణి," అని పిలిచారు జ్ఞానరాజుగారు.

ఆమె లేచి నిలబడింది. పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. అదే మంచిదైంది.

"నాకు కడుపు జబ్బని మీకందరికీ చెప్పినాం. అది కడుపు జబ్బు కాదు. దిగులు జబ్బు. బతుకంటే ఇష్టం పోయింది. మీరు నా కోసం ప్రార్థన చేసినారు. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నది గుడి ఒక్క గొంతుతో.

"మా అత్త ఊరు ఇడిసిపెట్టి వచ్చి నాకు అంబలి పోసె. ఆయమ్మ కోసం దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" ఈసారి నవ్వులు కూడా కలిశాయి. పుల్లయ్య కథ అప్పటికే అక్కడిదాకా వచ్చి ఉంది.

కృపారాణి ఊపిరి పీల్చుకుంది.

"కర్నూలులో డాక్టరమ్మ నాకు దిగులు తగ్గేదానికి బిళ్ళ ఇచ్చె. దానికి సాయంగా ఇంకొక మాత్ర ఇచ్చె. దినామూ మింగుతాండా. నిన్న మింగినా, ఈ దినం మింగుతా, డాక్టరు సాలు అనేదాకా మింగుతా. మీలో ఎవురైనా మింగుతాంటే, నన్ను చూసి మానొద్దండి. ఆ బిళ్ళ కోసం గూడ దేవునికి స్తోత్రం."

ఎవరూ పలకలేదు. మగవాళ్ళ వైపు ఎవరో గొంతు సవరించుకుని, ఆ పని కూడా మధ్యలో ఆపేశారు. కృపారాణికి మెస్సు బల్లలు ఖాళీగా కళ్ళముందు మెదిలాయి.

"స్తోత్రం!"

ఒక్క గొంతు. పగిలిన, పల్లెటూరి, పెద్ద గొంతు. విశ్వాసమ్మ చాప మీద నుంచి సగం లేచి, చుట్టూ అందరి వైపూ తిరిగి, నోళ్ళు ఏమైనాయని గద్దించినట్టు చూసింది. ముందు ఆడవాళ్ళ వైపు నుంచి, తరువాత మగవాళ్ళ వైపు నుంచి, విడివిడిగా, ఎగుడుదిగుడుగా ఆ మాట వచ్చింది. చివరికి గుడి నిండింది.

కృపారాణి కూర్చుంది. పాటల జట్టులోంచి నిస్సీ తలతిప్పి ఆమెను చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. గడ్డం కొద్దిగా కిందికి వంచింది. అది ఒప్పుకోలు. మాట నిలబెట్టుకుంటానని చెప్పడం.

నిస్సీ అంతటితో ఆగలేదు. పాడటానికి లేచిన పిల్ల పల్లవి ఎత్తుకోలేదు. వెనక్కి తిరిగి తల్లి ఎదుట నిలబడింది.

"అమ్మా, నీకొకటి చెప్పల్ల. నేను గూడ..."

"తెలుసు," అంది ప్రసన్నకుమారి.

ఆమె లేచి నిలబడింది. తల మీది కొంగు జారింది, సర్దుకోలేదు.

"నీ పరుపు కింద ఉండేది తెలుసు. అట్ట చూస్తానే గుర్తుపట్టినా. నువ్వు పుట్టిన యేడు అవే బిళ్ళలు మింగినదాన్ని నేను." గుడి మొత్తం ఆమె వైపు తిరిగింది. ప్రసన్నకుమారి మాత్రం కూతుర్ని దాటి, పీఠం దగ్గర నిలబడిన మనిషి వైపు చూస్తోంది. "నేను గూడ నడిమధ్యలో మానేసినా నిస్సీ. ఎవురు మానమంటే మానినానో, మానినాక ఏమైందో ఈ గుడిలో ఒక్కరికే తెలుసు. ఇన్నేండ్లూ చెప్పొద్దంటే చెప్పలేదు. ఇప్పుడు చెప్పమంటారా అయ్యగారూ, మీరే చెప్తారా?"

జ్ఞానరాజుగారు తెరిచి ఉన్న బైబిలును మూశారు. కళ్ళద్దాలు తీసి దాని మీద పెట్టి, పీఠం మెట్లు ఒక్కొక్కటే దిగి, ఆడవాళ్ళ చాపల దాకా వచ్చి నిలబడ్డారు.

"నేనే చెప్తానమ్మా," అన్నారు.